తలమీద చెయ్యి

అక్టోబర్ 6, ఆదివారం

ఇది మా కొడుకు హరీష్‌కు ఆఫీసులో ఇచ్చిన డైరీ. ఏడాది చివరికి వచ్చేసింది, నాకెందుకు నాయినా అని ఇక్కడ పడేసి జనగామ వెళ్ళిపోయాడు. జనవరి పేజీ మీద అక్టోబర్ తేదీ వేసి మొదలుపెడుతున్నాను.

ఇవాళ మొదటి ఆదివారం కనుక ప్రభు బల్ల. రొట్టె పళ్లెం నేను పట్టుకున్నాను, ద్రాక్షరసం కొమురన్న పట్టుకున్నాడు. మగవాళ్ళకు ఇవ్వడం అయ్యాక ఆడవాళ్ళ వైపు తిరిగాము. గోడ పక్కన నా భార్య సరోజన కూర్చునే చోటును ఎవరూ ఆక్రమించలేదు. చాప ఖాళీగా ఉంది. నేను అక్కడ ఆగిపోయానట. కొమురన్న వెనకనుంచి "నడువు తమ్మీ" అన్నాడు. నడిచాను.

ఆరాధన అయ్యాక బయట అందరూ నా చేతులు పట్టుకున్నారు. సరోజన పోయి నెల దాటింది. సమాధి దగ్గర కూడా నేను ఏడవలేదని అందరూ చూశారు. "నీ విశ్వాసం గొప్పది ఉప్పలన్నా" అంటున్నారు. నేను తల ఊపుతున్నాను. అది విశ్వాసమో కాదో నాకు తెలియదు. ఏడుపు రాలేదు, అంతే.

ఆమె కిడ్నీలు పాడైపోయాయి. వారం వారం జనగామ తీసుకుపోయి రక్తం శుద్ధి చేయించాము. సంఘమంతా ఉపవాసం ఉండి ప్రార్థించింది. దవాఖానలో లోపం లేదు. ప్రార్థనలో లోపం లేదు. పోయింది.

సంఘం పని మీద నలుగురి ఇళ్ళకు తిరిగి వచ్చాక సంగతులన్నీ ఆమెకు చెప్పేవాణ్ణి. ఎవరింట్లో ఏం గొడవ, ఎవరికి జ్వరం, ఎవరు మందిరానికి రావడం మానేశారు. ఇప్పుడు ఇందులో రాద్దామని.

అక్టోబర్ 9

బాగానే ఉన్నాను. అన్నం వండుకుని తిన్నాను.

అక్టోబర్ 17

మా సంఘంలో ఒకప్పుడు పెద్దలం ముగ్గురం. ఒకాయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయాడు. కొమురన్న, నేను మిగిలాం. అయ్యగారు జోసెఫ్ జనగామ నుంచి బండి మీద ఆదివారం, శుక్రవారం వస్తారు. మిగతా రోజులు ఊళ్ళో ఏం జరిగినా మా ఇద్దరి దగ్గరికే వస్తుంది. అన్నదమ్ముల గట్టు పంచాయితీ, మొగుడూపెళ్ళాల కొట్లాట, చావు, పురుడు. రోగులకు నూనె రాసి చేతులుంచి ప్రార్థన చేయడం కూడా పెద్దల పనే.

నిన్న లచ్చమ్మకు జ్వరమని పిలిచారు. వెళ్ళాను. నుదుటికి నూనె రాశాను. ఎప్పుడూ చెప్పే మాటలే చెప్పాను. నోరు మాట్లాడుతుంటే నేను ఆమె ఇంటి దూలానికి పట్టిన బూజు చూస్తున్నాను. ఇవాళ పొద్దున లచ్చమ్మ కట్టెల మోపుతో ఎదురొచ్చింది.

"ఉప్పలన్నా, నువ్వు చెయ్యి పెట్టంగనే నిప్పు తాకినట్టయింది. తెల్లారేసరికి జ్వరం మాయం."

నిన్న అప్పుడే గిన్నెలు తోమి వెళ్ళాను నేను. నా చెయ్యి చల్లగా ఉండాలి. ఆమెకు ఆ మాట చెప్పలేదు.

నవంబర్ 10, ఆదివారం

లచ్చమ్మ ఊరంతా చెప్పింది. ఈ వారంలో దేవరుప్పుల నుంచి ఒకరు, లింగాల ఘనపూర్ అవతల నుంచి ఇద్దరు వచ్చారు. నడుం నొప్పి, తలనొప్పి, నిద్ర పట్టకపోవడం. చేతులుంచాను. బాగైందని ఒకాయన ఫోన్ చేశాడు. మిగతావాళ్ళ సంగతి తెలియదు.

అయ్యగారు ప్రసంగంలో నా పేరెత్తారు. దుఃఖంలో దేవుడు మనిషిని పదును పెడతాడన్నారు. జనం స్తోత్రం అన్నారు. నేను చొక్కా గుండీ చూసుకుంటూ కూర్చున్నాను.

జోసెఫ్ అయ్యగారు చెడ్డవాడు కాదు. సరోజన దవాఖానలో ఉన్నప్పుడు నాతో పాటు వరండాలో పడుకున్నాడు. నేను వద్దన్నా ఆమె బట్టల మూట తనే మోశాడు. ఆ మనిషి కళ్ళల్లోకి చూసి నాకేమీ అనిపించడం లేదని ఎలా చెప్పను?

కొమురన్నకు చెబుదామనుకున్నాను. ఆయన వీపు తట్టి, "మా అందరికంటె ముందటికి పోయినవ్ తమ్మీ" అన్నాడు. సంతోషంగా అన్నాడు. చెప్పలేదు.

నవంబర్ 13

కూరలో ఉప్పు వేశానో లేదో తినేటప్పుడు కూడా తెలియలేదు.

నవంబర్ 24, ఆదివారం

పత్తి ఏరడానికి కొత్తగూడ వైపు తండాల నుంచి కూలీలు వచ్చారు. ఊరి బయట గుడిసెలు వేసుకున్నారు. వాళ్ళలో రుక్కి అనే ఆమె, ఆమె బిడ్డ లత ఇవాళ మందిరానికి వచ్చి వెనక కూర్చున్నారు. పాటలకు రాగం కలపలేక పెదవులు మాత్రం కదిపారు. రుక్కి మొగుడు దేవ్యా భూపాలపల్లిలో లారీ మీద పనిచేస్తాడట.

ఆరాధన అయ్యాక రుక్కి నా దగ్గరికి వచ్చింది.

"పెద్దయ్యా, పత్తి చేన్ల నీ ముచ్చటే చెప్తున్నరు. నా పిల్లకు షుగర్."

"ఇంత చిన్న పిల్లకు షుగరేంది?"

"పుట్టినకాడికెల్లి గాదు. రెండేండ్ల కింద పడిపోతే మానుకోట దవాఖాన్ల చెప్పిన్రు. దినాం సూది పొడవాలె. బతికినన్ని దినాలు పొడవాలెనట."

లత నేల చూస్తూ నిలబడింది. పదిహేడేళ్ళుంటాయేమో. ఆ మందు చల్లగా ఉండాలట. చెరువు మట్టి కుండలో తడిబట్ట చుట్టి పెట్టి, ఆ కుండను చేను గట్టు దాకా మోసుకుపోతున్నారట. మా ఊరి నర్సమ్మ సుమలత సూదులు ఇస్తోందని చెప్పింది రుక్కి.

"సూది లేకుంట చెయ్యి పెద్దయ్యా. గంతే నేనడిగేది. రేపు దీనికి లగ్గమెట్లయితది?"

వచ్చే ఆదివారాల్లో చూద్దామన్నాను.

డిసెంబర్ 8, ఆదివారం

ఇవాళ లత మీద చేతులుంచాము.

అయ్యగారు పిల్లను ముందుకు పిలిచి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. పెద్దలు రండి అన్నారు. కొమురన్న నూనె రాశాడు. నేను తలమీద చెయ్యి పెట్టాను. సన్నటి పాపిడి. తలనూనె, పత్తి దుమ్ము కలిసిన వాసన. అయ్యగారు మైకులో గట్టిగా ప్రార్థన అందుకున్నారు. జనమంతా నోరెత్తారు. నాకు మాత్రం ఇంట్లో బోరు మోటరు బంద్ చేశానా లేదా అన్నదే గుర్తుకొస్తోంది. చేసినట్టే అనిపించింది. చేయనట్టూ అనిపించింది.

రేకుల కింద జనం నిండి ఉక్కపోసింది. చెమట కళ్ళలోకి దిగి చెంపల మీద కారింది. "పెద్దలు ఏడుస్తున్నరు, ఆత్మ దిగింది" అని ఎవరో అరిచారు. చెయ్యి తీయాలనిపించింది. తీయలేదు. ఎవరూ తీయలేదు కదా.

"అమ్మా, ఏమనిపించింది?" అని అయ్యగారు మైకు లత నోటి దగ్గర పెట్టారు. ఆ పిల్ల తల్లి వైపు చూసింది.

"తలకెల్లి కాళ్ళ దాక నిప్పు పాకినట్టయింది" అంది.

రుక్కి నేలమీద పడి నా కాళ్ళు పట్టుకుంది.

మోటరు బంద్ చేసే ఉంది.

డిసెంబర్ 11

మనిషికి ఏమీ అనిపించకపోయినా దేవుడు పని చేయవచ్చు. ప్లగ్గు లోపలి తీగకు కరెంటు తెలుస్తుందా? ఇలా అనుకుంటే బాగానే ఉంది.

డిసెంబర్ 19

పత్తి అయిపోయింది. కూలీలు ఆటో ట్రాలీలో వెళ్ళిపోయారు. రుక్కి నా నంబరు తన ఫోనులో ఎక్కించుకుంది.

జనవరి 1, బుధవారం

కొత్త సంవత్సరం ఆరాధన. రుక్కి, లత కొత్తగూడ నుంచి బస్సులు మారి వచ్చారు, సాక్ష్యం చెప్పడానికి. రుక్కి మైకు పట్టుకుంది.

"క్రిస్మస్ కాడికెల్లి సూది బంద్ పెట్టినం. నా పిల్ల మంచిగున్నది. గా మందు కుండ పగలగొట్టిన. పెద్దయ్య చెయ్యి పెట్టిండు, దేవుడు తీసేసిండు."

చప్పట్లు. అయ్యగారి కళ్ళల్లో నీళ్ళు. లత పక్కనే నిలబడి సీసాలో నీళ్ళు తాగుతోంది. అయిపోతే మళ్ళీ కుళాయి దగ్గరికి పోయి నింపుకొచ్చింది. మళ్ళీ తాగింది. ముఖం పీక్కుపోయి ఉంది. అది నేను చూశాను.

అందరూ భోజనాలకు లేచాక సుమలత నన్ను మందిరం వెనక్కి తీసుకుపోయింది. ఆమె కూడా మా సంఘం పిల్లే.

"మామా, గది మామూలు షుగర్ గాదు. ముసలోళ్ళకు వచ్చేటిది వేరు. ఈ పిల్ల ఒంట్ల ఆ మందు తయారే గాదు. బయటికెల్లి ఇయ్యకపోతే దక్కది."

"నువ్వు చెప్పకపోయినవా రుక్కికి?"

"చెప్పిన. నీకు విశ్వాసం లేదన్నది. నా మాట ఇనదు మామా. నీ మాట ఇంటది."

అయ్యగారికి చెబుతానన్నాను. అప్పటికే రుక్కి వాళ్ళు మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు.

నేనైతే మందు ఆపమని అనలేదు.

జనవరి 2

అయ్యగారికి ఫోన్ చేశాను. సుమలత చెప్పిన మాటలన్నీ చెప్పాను.

"పెద్దలూ, మందు ఆపమని మనం చెప్పినమా?"

"లేదు అయ్యగారూ."

"అది ఆ తల్లి విశ్వాసం. ఇప్పుడు మనమే పోయి మళ్ళ సూది పొడువమంటే, దేవుడు చెయ్యలేదని చెప్పినట్టు గాదా? ఆమె ఏమైపోతది?"

"పిల్లకు ఏమన్న అయితే?"

"ప్రార్థన చేసి చెప్త. మీరూ చెయ్యండి. మీ ప్రార్థనల బలం ఉన్నది."

సరే అన్నాను.

జనవరి 4

రుక్కి నంబరు ఫోనులో ఉంది. అయ్యగారు చెప్పే ఉంటారు. నేను మళ్ళీ చెబితే ఇద్దరు రెండు మాటలు చెప్పినట్టవుతుంది. మందు ఆపమని నేను అనలేదు.

బియ్యం ఏరుకున్నాను. ఎండలో కూర్చున్నాను. బాగానే ఉన్నాను.

జనవరి 7, మంగళవారం. మహబూబాబాద్ దవాఖాన వరండా

నిన్నటి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. డైరీ సంచిలోనే ఉంది, మందుల షాపులో పెన్ను కొన్నాను.

నిన్న పొద్దున రుక్కి ఫోన్ చేసింది. లత రాత్రి నుంచి కక్కుతోందట, కడుపు నొప్పి అంటోందట.

"దవాఖానకు తీసుకపో రుక్కీ."

"పోను పెద్దయ్యా. అయ్యగారు చెప్పలేదా, శోధనలు వస్తయని? ఫోను పిల్ల తలమీద పెడుత. నువ్వు చెయ్యి."

నేను చేశాను. ఇది రాయడానికి చెయ్యి ఆగుతోంది కానీ రాస్తాను. దవాఖానకు పొమ్మని ఒక్కసారి అన్నాను, ఆమె వద్దంది, నేను ఫోనులో ప్రార్థన చేశాను. మాటలు వాటంతటవే వచ్చాయి. ఆమేన్ అన్నాను. ఆ తర్వాత ఫోను బల్లమీద పెట్టి చాయ్ పెట్టుకున్నాను.

చాయ్ చల్లారిపోయింది. లేచి సుమలత ఇంటికి వెళ్ళాను. ఆమె విని నోటిమీద చెయ్యి పెట్టుకుంది. వెంటనే అక్కడి నర్సుకు ఫోన్ చేసి 108 బండి పంపించింది. మధ్యాహ్నానికి కబురు వచ్చింది. బండి తండా దాకా వెళ్ళిందట. రుక్కి పిల్లను ఎక్కించనివ్వలేదట. పెద్దయ్య ప్రార్థన చేసిండు, తగ్గుతది అందట.

"మామా, ఇగ నువ్వే పోవాలె" అంది సుమలత.

అప్పటికే నేను చెప్పులు వేసుకున్నాను. ముప్పయ్యేళ్ళు కండక్టర్‌గా పనిచేసిన రోడ్డు. పాలకుర్తి, తొర్రూరు, మహబూబాబాద్, అక్కడి నుంచి కొత్తగూడ. కిటికీ పక్కన కూర్చున్నాను. పిల్ల చచ్చిపోతుందని అనుకున్నాను. ఆ మాట మనసులో చాలాసార్లు అనుకున్నాను. అది నా పెద్దరికం మీద పడే మచ్చ అని కూడా అనుకున్నాను. రెండూ ఒకే బరువుగా ఉన్నాయి. మనిషి రాయి అవడమంటే ఇదేనేమో.

కొత్తగూడలో ఆటో మాట్లాడుకుని తండా చేరేసరికి పొద్దు వాలుతోంది. సుమలత చెప్పిందని బండి వాళ్ళు మళ్ళీ వచ్చి తండా మొదట్లో ఆగి ఉన్నారు. ఇంటి ముందు జనం గుమిగూడారు. లోపల మంచం మీద లత. దూరం పరుగెత్తి వచ్చినట్టు రొప్పుతోంది. దగ్గరికి వంగితే మగ్గిపోయిన పండు వాసన. పిలిస్తే కళ్ళు తెరిచింది కానీ నన్ను చూడలేదు.

రుక్కి ఎదురొచ్చింది. "నిన్ను దేవుడే పంపిండు. చెయ్యి పెట్టు పెద్దయ్యా."

"పెట్టను. బండి ఎక్కిద్దాం."

"ఒక్కసారి పెట్టు. గా దినం పెట్టినట్టు పెట్టు."

"గా దినం నాకు ఏమనిపియ్యలేదు రుక్కీ."

ఆమెకు అర్థం కాలేదు. "ఏడ్సుకుంట చేసినవ్ గదా. అందరం చూసినం."

"ఏడ్వలేదు. గది చెమట. మా ఇంట్ల మోటరు బంద్ జేసిన్నా లేదా అని సోచాయించుకుంట నిలబడ్డ. మా ఆమె పోయినకాడికెల్లి నాకు ఏ ప్రార్థనల ఏం అనిపిస్తలేదు. నోరు ఒక్కటే ఆడుతున్నది."

రుక్కి నా చొక్కా పట్టుకుంది. "మరి ఎందుకు పెట్టినవ్ చెయ్యి? నా పిల్ల తలమీద ఎందుకు పెట్టినవ్?"

"పెట్టమన్నరు. పెద్దను గదా అని పెట్టిన."

గుడ్డలాగా నన్ను గుంజింది. ఎవరో వచ్చి ఆపబోతే వద్దన్నాను. ఆమె ఆయాసపడుతూ అడిగింది, "నీ పెండ్లానికి ప్రార్థన చేసినవా?"

"చేసిన. అందరం చేసినం."

"దవాఖాన్ల చూపిచ్చినవా?"

"చూపిచ్చిన."

"రెండు చేస్తే గూడ సచ్చిపాయె గదా! మరి నేనెందుకు పోవాలె? ఏం జూసుకొని పోవాలె?"

అప్పుడు ఒక మాట వచ్చింది. ప్రార్థనలో వచ్చే మాటల్లాగా కాదు, వెతికితే దొరికినట్టు వచ్చింది.

"మా ఆమెకు బతికిచ్చే మందు లేకుండె రుక్కీ. ఉంటే దేశమంత తిరిగి తెద్దును. నీ బిడ్డకు ఉన్నది. బండ్ల పెట్టుకొని తండా మొదట్ల నిలబడ్డరు."

రుక్కి చొక్కా వదిలింది. కూతురి వైపు చూసింది. అప్పుడు తన భాషలో ఏదో గట్టిగా అరిచింది. మగవాళ్ళు నలుగురు పిల్లను మంచంతోనే ఎత్తి బండి దగ్గరికి పరుగెత్తారు.

బండిలో ఆమె నాతో మాట్లాడలేదు. దవాఖానలో వెంటనే సీసాలు ఎక్కించారు. షుగర్ పెరిగి రక్తమంతా పులిసిపోయిందని, ఇంకొంచెం ఆలస్యమైతే దక్కేది కాదని డాక్టరమ్మ చెప్పింది. ఎవరు మందు ఆపమన్నారని అడిగింది. రుక్కి నా వైపు చూడలేదు. "నేనే ఆపిన మేడం" అంది.

నేను అక్కడే నిలబడి ఉన్నాను. నోరు తెరవాల్సింది. తెరవలేదు.

జనవరి 9

లత కళ్ళు తెరిచి నీళ్ళు అడిగింది. "యాడీ" అని తల్లిని పిలిచింది. ప్రమాదం తప్పిందన్నారు. రుక్కి ఉందని నేను లోపలికి పోలేదు. డాక్టరమ్మను వరండాలో ఆపి, పిల్ల తల్లిది తప్పు కాదు, ప్రార్థన చేసినవాణ్ణి నేనే అని చెప్పాను. ఆమె కోపంగా చూసి, "పెద్దమనిషివి, జర సోయి ఉండాలె" అంది. అవునన్నాను.

బస్సెక్కి ఇంటికి వచ్చాను.

జనవరి 12, ఆదివారం

సాక్ష్యాల వేళలో లేచాను. పెద్దలు లేచారని జనం సర్దుకుని కూర్చున్నారు. రుక్కికి చెప్పినట్టే చెప్పాను. లత దవాఖానలో ఉందని, సూది ఆపినందుకే చావు దాకా పోయిందని, సరోజన పోయినప్పటి నుంచి నాకు ఏమీ అనిపించడం లేదని, అనిపిస్తున్నట్టు నిలబడ్డానని. మీలో ఎవరైనా నా చెయ్యి పడ్డాక మందు మానేస్తే ఇవాళే మళ్ళీ మొదలుపెట్టమని.

లచ్చమ్మ లేచి నిలబడింది.

"మరి నా జ్వరం ఎట్ల పోయింది ఉప్పలన్నా?"

"నాకు తెల్వదు లచ్చమ్మా."

"నీ చెయ్యి నిప్పు లెక్కనే ఉండె" అని కోపంగా కూర్చుంది. వెనక ఎవరో పెద్దావిడ నిశ్శబ్దంగా ఏడుస్తోంది. ఒక ముసలాయన చేతిసంచి తీసుకుని బయటికి నడిచాడు. బీపీ గోళీలు మానేశాడట, సుమలత తర్వాత చెప్పింది.

ఆరాధన తర్వాత అయ్యగారు, కొమురన్న, నేను కూర్చున్నాం. అయ్యగారి ముఖం చిన్నబోయింది.

"ఉప్పలయ్యా, గీ మాట నాకు ముందుగాల చెప్పొద్దా? నీ పక్కన వరండాల పండిన మనిషిని. నాకే చెప్పలేకపోయినవా?"

దీనికి మాత్రం నాకు బాధ కలిగింది. కలిగిందనే అనుకుంటున్నాను. "చెప్పేటిదుండె అయ్యగారూ" అన్నాను.

"నా తప్పు కూడా ఉన్నది" అన్నారు ఆయన. మైకు తీగ చుడుతూ ఉండిపోయారు.

కొమురన్న నేలమీద వేలితో గీస్తూ చెప్పాడు, "సంఘం బెదిరిపోయింది తమ్మీ. కొన్ని దినాలు నువ్వు బల్లకాడ నిలబడకు. పెద్దల్ల ఉండకు."

సరే అన్నాను. మందిరం తాళంచెవుల్లో నా దగ్గరుండే జత ఆయన చేతిలో పెట్టాను. బయటికి వస్తుంటే సుమలత "మామా, అన్నం తినిపో" అంది. వాళ్ళింట్లో తిన్నాను. కూర కారంగా ఉంది.

జనవరి 14

ఎవరూ పిలవలేదు. ఎవరి ఇంటికీ పోలేదు. ఇంట్లో గోడకు సున్నం రాలింది, ఊడ్చాను.

జనవరి 16, గురువారం

నిన్న సాయంత్రం ఫోన్ మోగింది. రుక్కి. ఎత్తాలంటే భయమేసింది. ఎత్తాను.

"పెద్దయ్యా, దేవ్యా లారీ దిగి శనివారం గాని రాడు. గిన్ని దినాలాయె నాకు కన్ను మూతపడుతలేదు. సీసా అయిపోతే నర్సును పిలువాలె, పండుకుంటె ఎట్ల? జర వచ్చి కూసుంటవా?"

"రుక్కీ, నేను ఇప్పుడు సంఘపెద్దను గాదు. తీసేసిన్రు."

"గదంత నాకేం తెల్సు? నీ మీద నాకు కోపం పోలేదు. కానీ గీడ నాకు తెల్సినోళ్ళు ఎవరున్నరు? ప్రార్థనలు గిట్ల ఏం వద్దు. ఉత్తగ కూసో."

ఇవాళ మొదటి బస్సుకు వచ్చాను. వార్డులో కిటికీ పక్క మంచం లతది. ఒక చేతికి సీసా. ముఖంలోకి కొంచెం రంగు వచ్చింది. రుక్కి నాకు స్టూలు చూపించి, ఏ సీసా అయిపోతే ఏం చేయాలో చెప్పి, మంచం కింద బట్ట పరుచుకుని పడుకుంది. పడుకోవడంతోనే నోరు తెరుచుకుని నిద్రపోయింది.

నేను సీసాలోంచి చుక్కలు పడడం చూస్తూ కూర్చున్నాను. లత నన్నే చూస్తోంది.

"తాతా, గా దినం నీకు నిజంగ ఏమనిపియ్యలేదా?"

"లేదు బిడ్డా."

ఆ పిల్ల తల్లి నిద్రపోతోందో లేదో వంగి చూసుకుంది. గొంతు తగ్గించింది.

"నాక్కూడా అనిపియ్యలేదు."

"నిప్పు పాకినట్టయిందని మైకుల చెప్పినవ్ గదా?"

"యాడి నా మొఖమే జూస్తున్నది. నువ్వు ఏడుస్తున్నవనిరి. అందరు స్తోత్రమనిరి. ఏం గాలేదని ఎట్ల చెప్పాలె? చేన్ల లచ్చమ్మవ్వ చెప్పిన ముచ్చట యాదికొచ్చింది. అదే చెప్పిన."

నాకు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకున్నాను. లతకూ వచ్చింది. సూది గుచ్చిన చెయ్యి కదలకుండా ఇంకో చేత్తో నోరు మూసుకుని ఊగిపోయింది. ఇద్దరం శబ్దం రాకుండా నవ్వాము. పక్క మంచం దగ్గర కూర్చున్నావిడ మాకు పిచ్చి పట్టిందనుకుని ఉంటుంది.

నవ్వు తగ్గాక లత అడిగింది, "అవ్వ పేరేంది తాతా?"

"సరోజన."

"ఎట్లుంటుండె?"

ఆమె ఎట్ల పోయిందని అందరూ అడిగారు. ఇది ఎవరూ అడగలేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. సరోజన పొట్టిగా ఉండేది. మందిరంలో అందరికంటే ముందు రాగం ఎత్తుకునేది, సగం పాటకు గొంతు అందక ఆపేసేది, మళ్ళీ వారం అలాగే ఎత్తుకునేది. కొమురన్న దీర్ఘంగా చేసే ప్రార్థనను ఇంట్లో నాకు చేసి చూపించేది, చేతులు అచ్చం ఆయనలాగే తిప్పేది. నేను డ్యూటీ దిగి ఎంత ఆలస్యంగా వచ్చినా తినకుండా ఉండేది, ఎందుకు తినలేదని అడిగితే ఆకలి కాలేదని చెప్పేది, నాకంటే ఎక్కువ తినేది. చివరి వారంలో ఆమె కాళ్ళు ఉబ్బితే చెప్పులు పట్టలేదు. నా చెప్పులు వేసుకుని వరండాలో నడిచింది, కండక్టర్ సారు వస్తున్నడు జరుగున్రి అంటూ.

అక్కడ నా గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది మాట కాదు. మళ్ళీ వచ్చింది. వార్డులో మనుషులు తిరిగి చూశారు. కళ్ళ అద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను, అవి జారి కిందపడ్డాయి.

లత భయపడిపోయింది. మంచం కిందికి చెయ్యి చాపి తల్లిని తట్టబోయింది.

"లేపకు బిడ్డా" అన్నాను. "పండనియ్."

సీసాలో ఇంకా సగం ఉంది. నేను ఏడుస్తూనే దాన్ని చూస్తూ కూర్చున్నాను. రుక్కి మధ్యాహ్నం దాకా లేవలేదు.